సూర్యుణ్ణి ఆపిన ఇల్లాలు

భూమి తిరగడం ఆగిపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్న మన పిల్లలు బడి నుంచి ఎప్పుడో ఒకప్పుడు ఇంటికి తెస్తారు. దానికి లెక్కల జవాబు ఒకటి ఉంది. అది చెబితే వాళ్ళు తృప్తిపడి ఆటకు పోతారు. కాని ఈ ప్రశ్నలో పెద్దలకు సంబంధించిన సగం ఇంకొకటి ఉంది. భూమిని ఆపాలని మనిషికి ఎందుకు అనిపిస్తుంది? అనిపిస్తే, ఆపే హక్కు అతనికి ఉందా? మేము వైద్యులం, ఖగోళశాస్త్రం మా చదువు కాదు. ఐతే ఈ రెండో సగం ఆసుపత్రిలో మాకు తరచుగా ఎదురయ్యేదే గనుక నాలుగు మాటలు రాయడానికి చనువు తీసుకొంటున్నాం.

ముందు లెక్క చూద్దాం. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పరుగెడుతోంది. ధ్రువాల వైపు పోయేకొద్దీ ఆ వేగం తగ్గుతుంది. హైదరాబాదులో అది దాదాపు 1,590. డెట్రాయిట్‌లో దాదాపు 1,230. మనం, మన ఇళ్ళు, సముద్రం, గాలి అన్నీ నేలతోపాటే పోతున్నాయి గనుక ఆ పరుగు మనకు తెలియదు. పడవలో పోయేవాడికి ఒడ్డున ఉన్నవి వెనక్కు పోతున్నట్లు కనిపించే తీరుగానే, కదలని నక్షత్రాలు మనకు పడమటికి పోతున్నట్లు కనిపిస్తాయని ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి తన గ్రంథంలోనే చెప్పాడు.

ఆ నేల ఒక్క క్షణంలో ఆగిందనుకొందాం. నేల ఆగుతుంది గాని, నేల మీద ఉన్నవి ఆగవు. డ్రైవరు సడన్ బ్రేకు వేస్తే బస్సులో నిలబడ్డవాళ్ళు ముందుకు తూలినట్లు, మనుషులు, మేడలు, సముద్రాలు అదే వేగంతో తూర్పుకు దూసుకుపోతాయి. ఏ తుఫానులోనూ ఎరగని గాలి ఆ వెంటే వస్తుంది. మిగిలేదంటూ పెద్దగా ఉండదు.

అలా కాక, ఏళ్ళ తరబడి మెల్లగా నెమ్మదించి ఆగితే ఎవరూ ఎగిరిపడరు. కాని ఒక రోజు గడవడానికి ఒక ఏడాది పడుతుంది. ఆర్నెల్లు ఎండ, ఆర్నెల్లు చీకటి. భూమి తన చుట్టూ తాను తిరగడం మాని, సూర్యుని చుట్టూ తిరగడం మాత్రమే మిగులుతుంది గనుక, సూర్యుడు పడమట ఉదయించి తూర్పున అస్తమిస్తాడు. జరగని పనికి మనవాళ్ళు చెప్పే మాట అక్షరాలా జరుగుతుందన్నమాట! ఇంకొక సంగతి. తిరుగుతూ ఉండడం వల్లనే భూమి నడుము దగ్గర కాస్త ఉబ్బి ఉంది. కేంద్రం నుంచి ధ్రువానికి ఉన్న దూరం కంటే భూమధ్యరేఖకు ఉన్న దూరం 21 కిలోమీటర్లు ఎక్కువ. సముద్రాలు కూడా ఆ మేరకు నడుము దగ్గర ఎత్తుగా నిలిచి ఉన్నాయి. తిరగడం ఆగితే ఆ నీళ్ళు రెండు ధ్రువాల వైపూ తరలిపోతాయి. నడుమ వడ్డాణం లాగా నేల బయటపడుతుంది.

ఇదంతా రేపు జరిగేది కాదు. చంద్రుని వల్ల కలిగే సముద్రపు పోటుపాట్ల రాపిడితో భూమి నెమ్మదిస్తున్న మాట నిజమే. కాని నూరేళ్ళకు రోజు పొడవు పెరిగేది సెకనులో వెయ్యో వంతులు రెండైనా నిండనంత. పగడపు శిలాజాల మీది సన్నని గీతలను 1963లో లెక్కపెట్టి చూస్తే, సుమారు 38 కోట్ల ఏళ్ళ కిందట ఏడాదికి దాదాపు 400 రోజులు ఉండేవని తేలింది. ఇన్ని కోట్ల ఏళ్ళకు పోయినవి ముప్పై అయిదు రోజులు మాత్రమే!

ఈ లెక్కలో మాకు ముఖ్యమనిపించేది ఒక్కటే. భూమి తిరగడం అంటే ఒక పంపకం. ఉన్న ఒక్క సూర్యుణ్ణీ అందరికీ వంతులు వేసి ఇవ్వడం. బందరులో దీపాలు పెట్టే వేళకు మనం ఇక్కడ పొద్దుటి కాఫీ తాగుతాం. మనం పడుకోబోయే వేళకు అక్కడ పాలవాడు వస్తాడు. ఎవరైనా తమ పగటిని పొడిగించుకొంటే, అవతలివాడి రాత్రి పొడుగవుతుంది. తమ రాత్రిని పొడిగించుకొంటే, అవతల ఎవరి పొలమో ఎండిపోతుంది. భూమిని ఆపడం నీతికి సంబంధించిన ప్రశ్న కావడం ఇక్కడినుంచే.

భూమిని ఆపిన కథలు రెండు మాకు గుర్తుకు వస్తాయి. ఒకటి ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ 1898లో ప్రచురించినది. ఫాదరింగే అనే మామూలు గుమాస్తాకు నోటితో అన్నది జరిగిపోయే శక్తి వస్తుంది. ఒక మతబోధకుడు అతనికి తోడవుతాడు. ఇద్దరూ కలిసి ఒక రాత్రల్లా ఊరిని బాగుచేస్తూ తిరుగుతారు, తాగుబోతులను మారుస్తారు. తెల్లవారుజామున మూడవుతుంది. గుమాస్తాకు పొద్దున్నే పనికి పోవాలి. చేయవలసిన మంచి ఇంకా చాలా ఉంది. కాలాన్ని ఆపవచ్చు గదా అని బోధకుడు సలహా ఇస్తాడు. గుమాస్తా భూమిని ఆగమంటాడు. పైన మేము చెప్పిన లెక్క అంతా ఆ క్షణాన జరిగిపోతుంది. చివరికి అంతా మునుపటిలాగా ఉండాలని, తనకు ఆ శక్తి పోవాలని అతడే కోరుకొంటాడు. వాళ్ళ ఉద్దేశం మంచిదే. కాని నిద్రపోతున్న ఊరిని మాత్రం ఎవరూ అడగలేదు.

రెండోది మన ఇళ్ళలో అందరూ ఎరిగిన కథ. మార్కండేయ పురాణంలోది, మారన దాన్ని ఏనాడో తెలుగు చేశాడు, సినిమాలూ వచ్చాయి. కౌశికుడు కుష్ఠురోగి. వేశ్య ఇంటికి పోవాలని అతనికి కోరిక పుడితే, భార్య సుమతి భుజాల మీద మోసుకొని పోతుంది. చీకట్లో అతని కాలు, చేయని నేరానికి కొరత వేయబడిన మాండవ్య మునికి తగులుతుంది. ఆ బాధలో ముని, తనను తాకినవాడు సూర్యోదయం కాగానే చావాలని శపిస్తాడు. ఐతే సూర్యుడే ఉదయించడు అంటుంది సుమతి. సూర్యుడు ఆగిపోతాడు.

అటువంటి మొగుడి కోసం ఇంత అవసరమా అని మన ఆడపిల్లలు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. కాని యోగ్యత తూచి చూచి పుట్టేది కాదు ప్రేమ. ఐ.సి.యు. బయట బెంచీ మీద కూర్చున్న ఇల్లాలిని, లోపల ఉన్నవాడు మంచి భర్తేనా అని ఎవరం అడుగుతాం? ఆమెకు తెల్లవారకూడదు, అంతే.

సుమతి చేసినది న్యాయమా? తల లెక్క ప్రకారం చూస్తే జవాబు సులువు. ఒక ప్రాణం కోసం లోకమంతా చీకట్లో మగ్గడం అన్యాయం. పైన చెప్పిన పంపకం ప్రకారం చూసినా అన్యాయమే. ఐనా ఆమెను తప్పుపట్టడానికి మనసు ఒప్పుకోదు. ఎందుకో ఆలోచిస్తే మాకు తోచినది ఇది. నిరపరాధిని కొరత వేసినప్పుడు దేవతలు రాలేదు. శాపం తగిలి ఆ ఇల్లాలు వణికినప్పుడూ రాలేదు. యజ్ఞాలు ఆగి తమ భాగాలు తమకు అందకపోయేసరికి మాత్రం లోకక్షేమం గుర్తుకు వచ్చి కదిలారు. తన చీకటి రాత్రి పలకరించని లోకం, తన కోసం తెల్లవారనివ్వమని అడిగితే ఆమె ఎందుకు వినాలి?

ఇక ఆసుపత్రి సంగతి. ఇక్కడ ఉన్న తెలుగు డాక్టర్లలో ఈ ఫోను రానివారు అరుదు. తండ్రిగారు విజయవాడలోనో వరంగల్లులోనో వెంటిలేటర్ మీద ఉంటారు. కొడుకు ఇక్కడ ఉంటాడు. “నేను వెళ్ళేదాకా ఎలాగైనా ఆపమనండి, అక్కడి డాక్టరుగారితో మీరొకసారి మాట్లాడండి” అంటాడు. ఆ గొంతులో ఉన్నది సుమతి గొంతే. టిక్కెట్టు దొరికి, రెండు విమానాలు మారి, చేరేదాకా ఆపడంలో తప్పు లేదు. ఆ రెండు రోజులూ ఎవరి కోసమైనా ఆపవలసినవే. చిక్కు వచ్చేది రెండు రోజులు రెండు వారాలై, మూడు వారాలైనప్పుడు. కోలుకొనే ఆశ లేదని అక్కడి డాక్టర్లు చెప్పిన తర్వాత కూడా కొడుకు నోట “ఇక చాలు” అనే మాట రాదు.

ఆ చీకటి ఎవరి మీద పడుతోందో చూడండి. మొదట ఆ పెద్దాయన ఒంటి మీద: గొంతులో గొట్టం, చేతికి సూదులు, వీపున పుండ్లు. తర్వాత రోజూ కారియర్ పట్టుకొని వచ్చే అక్కగారి మీద. ఆ తర్వాత ఇంటి పొలం మీద. అదే పడక కోసం బయట ఎదురుచూస్తున్న, మనకు పేరు కూడా తెలియని ఇంకొక మనిషి మీద.

ఎదురుచూసేవాళ్ళకు నిజంగానే సూర్యుడు ఆగిపోతాడు. 1962లో మిషెల్ సిఫ్ర్ అనే ఫ్రెంచి పరిశోధకుడు గడియారం లేకుండా ఒక గుహలో రెండు నెలలు గడిపాడు. సెప్టెంబరు 14న అతణ్ణి బయటకు తెచ్చేనాటికి, ఆగస్టు 20 అనుకొంటున్నాడు. కిటికీ లేని గదిలో పడుకొన్న రోగికీ పగలూ రాత్రీ తెలియక మతి చెదరడం సామాన్యం. అందుకే మంచి నర్సులు తెర తీసి వెలుగు పడనిచ్చి, “ఇవాళ మంగళవారమండీ, పొద్దున ఎనిమిదయింది” అని చెబుతూ ఉంటారు. బయట బెంచీ మీద కూర్చున్నవారికీ ఆ మాట చెప్పేవారు ఒకరు కావాలి.

అక్కడే మాకు అనసూయ గొప్పదనం కనిపిస్తుంది. దేవతలు కోరగా ఆమె సుమతి ఇంటికి వెళ్ళింది. వెళ్ళగానే లోకం ఏమైపోతోందో చూడు అని మందలించలేదు. ముందు క్షేమం అడిగింది. ఆమె పడ్డ పాట్లను మెచ్చుకొంది. ఆ తర్వాతే వచ్చిన పని చెప్పింది. తెల్లవారితే నీ భర్త బాధ్యత నాది అని మాట ఇచ్చింది. సూర్యుడు ఉదయించాడు, కౌశికుడు కుప్పకూలాడు, ఆ క్షణంలో అనసూయ అక్కడే ఉంది. తన తపస్సు ధారపోసి అతణ్ణి ఆరోగ్యవంతుడిగా లేపింది. సూర్యుడు ఆగి ఉన్నన్నాళ్ళూ కౌశికుని జబ్బు నయం కాలేదు. తెల్లవారిన తర్వాతే నయమయింది.

మరి మనకు అనసూయ తపస్సు ఎక్కడిది, మనం ఎవరి ప్రాణం లేపగలం అని చదువరులు అడగవచ్చు. నిజమే. మందులకు లొంగని రోగం ముందు మేమూ చేతులు కట్టుకొని నిలబడవలసినవాళ్ళమే. కాని కథలోంచి ఆ అద్భుతాన్ని తీసివేసినా ఇంకా కొంత మిగులుతుంది. తెల్లవారనివ్వమని అడిగిన మనిషి, తెల్లవారే వేళకు పక్కన ఉంది. అది మనకూ చేతనవుతుంది. నొప్పి లేకుండా చూడగలం, ఊపిరాడక బాధపడకుండా చూడగలం, గొట్టం తీసిన తర్వాత గది వదిలి పోకుండా ఉండగలం. ఈ పనికి ఒక వైద్యశాఖే ఏర్పడింది. లండన్‌లో సిసిలీ సాండర్స్ 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను ప్రారంభించిన తర్వాత అది దేశదేశాలకూ పాకింది. ఆమె నర్సుగా, సోషల్ వర్కరుగా పనిచేసి, ఆ తర్వాత డాక్టరు చదివిన మనిషి.

కాబట్టి మా ప్రశ్నకు మాకు తోచిన జవాబు ఇది. ఒకరి కోసం లోకాన్ని ఎల్లకాలం ఆపి ఉంచే హక్కు ఎవరికీ లేదు, ఎంత ప్రేమ ఉన్నా సరే. ఆగిన ప్రతి గడియా మరొకరి వంతులోంచి తీసినదే. ఐతే, “ఇక వదిలిపెట్టండి” అని చెప్పే హక్కు కూడా అందరికీ లేదు. ఆ తర్వాత జరిగేదాన్ని పంచుకోవడానికి సిద్ధపడ్డవారికే ఉంది. పడకల లెక్క చూసుకొని ఆ మాట చెప్పే ఆసుపత్రికి, కర్చు లెక్క చూసుకొని చెప్పే బంధువుకు, సలహా చెప్పి ఫోను పెట్టేసే మావంటి డాక్టరుకు ఆ హక్కు లేదు. వాళ్ళు చెప్పినది నిజమే కావచ్చు. దేవతలు చెప్పినదీ నిజమే.

ఈ దూరదేశంలో మనకు బెంచీ మీద పక్కన కూర్చోవడానికి పిన్నులూ బాబాయిలూ లేరు. ఉన్నది మన సంఘం. ఎవరింట్లోనైనా కష్టం వస్తే మొదటి వారం పులిహోర గిన్నెలు పెట్టడానికి చోటు చాలదు. నాలుగో వారానికి ఫోను మోగదు. కర్మకాండ ముగించుకొని ఇండియా నుంచి తిరిగివచ్చినవారిని ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి చేర్చాక, వాళ్ళు పని మీద పడ్డారులే అనుకొంటాం. నిజానికి వాళ్ళకు తెల్లవారేది అప్పుడే. ఎవరినైనా ధైర్యంగా ఉండమని, మామూలు మనుషులు కమ్మని చెప్పబోయే ముందు, ఒక శనివారం సాయంత్రం వెళ్ళి కూర్చొని, పోయినవారి గురించి చెప్పమని అడగాలి. అనసూయ సూర్యుణ్ణి రమ్మనే ముందు సుమతి ఇంటికి వెళ్ళింది. ఆ వరస తప్పవద్దని మా మనవి.