చేతి కొలత ఇచ్చిన తమ్ముడికి



పోయిన వర్షావాసంలో ఒక ఆదివారం వందన అయిపోయి అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు. గురజాల వైపు పల్లె నుంచి వచ్చే తమ్ముడొకడు మాత్రం చాప మీద అట్నే కూర్చున్నాడు. "అన్నా, ఒకటి అడుగుతా, తిట్టొద్దు" అన్నాడు. అడగమన్నాను.

"పిస్టల్ ఒకటి చేపిస్తన్నా. ఉత్తరాది నుంచి తెప్పించేవాడున్నాడు. మామూలుది కాదన్నా, నా చేతికి కొలత తీసుకుని మరీ చేస్తారంట. సగం డబ్బులు బయానా ఇచ్చా. దీనికి శీలం తప్పినట్టా?"

ఎందుకురా అంటే చెప్పాడు. గట్టు తగాదాలో వాళ్ల నాన్నను కొట్టారు. కేసు పెడితే ఎదురు కేసు పెట్టారు. కొట్టినవాళ్లు రోజూ వీళ్ల ఇంటి ముందు నుంచే బండి మీద పోతారు, హారన్ కొట్టి మరీ పోతారు. "రాత్రిళ్లు నిద్ర పట్టడంలా అన్నా. కాలుస్తానని కాదు. నా దగ్గర ఉందని వాళ్లకి తెలిస్తే చాలు."

పంచశీలలో మొదటిది గుర్తుచేసి పంపించెయ్యొచ్చు. నాకు నోరు రాలేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్లను ఎనిమిది మందిని వెంటాడి చంపారు. కొట్లాడి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకుంటే, 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఇది తెలిసి కూడా ఆ తమ్ముడికి అహింస గురించి ఉపన్యాసం ఇవ్వడం తేలికా? కొట్టినవాడిని వదిలేసి, దెబ్బలు తిన్నవాడికి మాత్రమే శాంతి నేర్పితే అది ధమ్మం కాదు.

బాబాసాహెబ్ ఈ ప్రశ్నను దాటవెయ్యలేదు. 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో ఆయన సూత్రం వేరు, నియమం వేరు అన్నారు. నియమం మనిషిని కట్టేస్తుంది. సూత్రం ఆలోచించి నిర్ణయించుకునే బాధ్యతను మనిషికే వదులుతుంది. అహింస సూత్రం. చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అని కూడా అక్కడే విడదీశారు. కాబట్టి మనం వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: కొలతిచ్చి చేయించుకునే పిస్టల్ అవసరం వైపు ఉందా, కోరిక వైపు ఉందా?

మీదికొచ్చినవాడిని ఆపడానికి చేతికందిన కర్ర తీసుకుంటాం. అది అప్పటికప్పుడు పుట్టిన అవసరం. భారతీయ న్యాయ సంహిత కూడా 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఆత్మరక్షణ హక్కును ఒప్పుకుంది. ఆర్డరిచ్చిన పిస్టల్ అట్లా కాదు. దానికి మనిషిని వెతకాలి, బేరమాడాలి, బయానా ఇవ్వాలి, కొలతివ్వాలి, వారాల తరబడి ఎదురుచూడాలి. అన్నాళ్లూ మనసులో ఒక మొహం తిరుగుతూనే ఉంటుంది. చేతనే కర్మ అన్నాడు తథాగతుడు. కోపం ఒక పూటలో చల్లారొచ్చు. బయానా ఇచ్చిన కోపాన్ని మాత్రం చల్లారనివ్వం, డబ్బు పెట్టాం కదా! పిస్టల్ ఇంకా చేతికి రాకముందే మనసు దాని కొలతకు సరిపోయేట్టు తయారవుతుంది.

"కాలుస్తానని కాదు, తెలిస్తే చాలు" అన్నాడు కదా. ఎదుటివాడు భయపడాలంటే నువ్వు కాలుస్తావని వాడు నమ్మాలి. వాడు నమ్మాలంటే ముందు నువ్వు నమ్మాలి. అంటే రోజూ పొద్దున్నే లేచి, "అవసరమైతే చంపుతాను" అని నీకు నువ్వు చెప్పుకోవాలి. మెత్తా భావన చేసే గుండెలో ఈ భావన కూడా చేస్తావా? పైగా నీ దగ్గర ఉందని తెలిశాక వాడు ఊరుకుంటాడా? వాడూ ఒకటి తెప్పిస్తాడు. వాడికి డబ్బుంది, వెనక మనుషులున్నారు.

ఇక చేసేవాడి సంగతి. అంగుత్తర నికాయంలో ఉపాసకుడు చెయ్యకూడని ఐదు వ్యాపారాలు చెప్పారు. అందులో మొదటిది ఆయుధాల వ్యాపారం. ఆ తర్వాతవి ప్రాణుల, మాంసం, మత్తు, విషం వ్యాపారాలు. అమ్మేవాడికి తప్పయినది ఆర్డరిచ్చి చేయించుకునేవాడికి ఎట్లా ఒప్పవుతుంది? అట్లాగని లోహం పని చేసేవాడిని బుద్ధుడు తక్కువ చెయ్యలేదు. ఆయనకు చివరి భోజనం పెట్టింది పావా నగరపు కమ్మరి కొడుకు చుందుడే. ఆ భోజనం తర్వాత జబ్బు ముదిరితే, చుందుడిని ఎవరూ తప్పు పట్టకుండా చూడమని ఆనందుడికి చెప్పాడు. చుందుడి చేతన దానం. మన ఊరి కొలిమిలో మిరప చేనుకు గొర్రు కర్రు సాగదీసే కమ్మరే వేటకొడవలి కూడా సాగదీస్తాడు. నిప్పు ఒకటే, సుత్తి ఒకటే. తేడా ఆ పని చెప్పినవాడి మనసులో ఉంది.

పల్నాడులో ఈ సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. వేటకొడవళ్లు, నాటు బాంబులు చూస్తూనే పెరిగాం. 2024 మే 13 పోలింగ్ గొడవల తర్వాత మాచర్లలో, నరసరావుపేటలో 144 సెక్షన్ కింద ఎన్ని రోజులు గడిపామో మర్చిపోలేదు. అన్ని ఫ్యాక్షన్లలోనూ ఒకటి గమనించండి. చేయించేది ఒకరు, పట్టుకునేది ఇంకొకరు. పట్టుకునే చేతుల్లో మన పల్లె పిల్లల చేతులు ఎన్ని? కేసులు వాళ్లవి, జైలు వాళ్లది, పొలం మాత్రం పెద్దలది. కారెంపూడిలో ఏటా కార్తీకంలో వీరుల ఆయుధాలు మోస్తారు, కోడిపోరు జరుపుతారు. అదే ఉత్సవంలో చాపకూడు కూడా ఉంది, అన్ని కులాలవాళ్లు ఒక్క చాప మీద తినడం. నాగులేరు ఒడ్డున పారిన రక్తం నుంచి మనం మిగుల్చుకోవాల్సింది కత్తినా, ఆ చాపనా?

చట్టం సంగతీ తెలుసుకోవాలి. ఆయుధాల చట్టం 1959కి 2019లో చేసిన సవరణ ప్రకారం, లైసెన్స్ లేకుండా తుపాకి తయారుచేసినా అమ్మినా కనీసం ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష. ఊరికే దగ్గర ఉంచుకున్నా రెండు నుంచి ఐదేళ్లు. అంటే ఇవాళ బాధితుడిగా స్టేషన్ మెట్లెక్కినవాడు రేపు ముద్దాయిగా ఎక్కుతాడు. అవతలివాళ్లకు కావాల్సింది కూడా అదే.

మన చేతిలో ఉన్న ఇంకో పనిముట్టును మనం వాడటం లేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నియమాలు, 1995లో మూడో నియమం చదవండి. అత్యాచారాలు జరిగే ప్రాంతాలను గుర్తించాలి. అవసరమైతే అక్కడ ఎస్సీ, ఎస్టీలు కానివారి తుపాకి లైసెన్సులు రద్దు చెయ్యాలి. అక్రమ ఆయుధాలు స్వాధీనం చేసుకోవాలి, అక్రమ తయారీని ఆపాలి. మన రక్షణకు అవసరమనుకుంటే మనకే లైసెన్సులు ఇవ్వొచ్చని కూడా అందులోనే ఉంది. మనకు ఆయుధం ఇవ్వడానికి ముందు కొట్టేవాడి ఆయుధం తియ్యమంది చట్టం. ఆ వరస చూడండి. నా మటుకు నాకు అది ధమ్మానికి దగ్గరగా కనిపిస్తుంది. దీన్ని అమలు చెయ్యమని మన ఊళ్ల నుంచి కలెక్టర్‌కు ఎన్ని అర్జీలు పోయాయి?

సిద్ధార్థుడు ఇల్లు విడిచింది ఎందుకో బాబాసాహెబ్ చెప్పింది తలచుకుందాం. రోహిణి నది నీళ్ల కోసం శాక్యులు, కోలీయులు కొట్టుకున్నారు. సంఘం యుద్ధానికి ఓటేసింది. ఒక్క సిద్ధార్థుడే కాదన్నాడు, మధ్యవర్తులను పెట్టి తేల్చుకుందామన్నాడు. ఓడిపోయాడు, దేశం వదిలాడు. పిరికివాడు చేసే పనేనా అది? 1927 మార్చి 20న మహద్‌లో చెరువు నీళ్లు తాగినందుకు మనవాళ్లను కొట్టినప్పుడు కూడా బాబాసాహెబ్ తిరిగి కొట్టనివ్వలేదు. పదేళ్లు కోర్టులో కొట్లాడి 1937లో బొంబాయి హైకోర్టులో గెలిచారు. చుండూరులో కోర్టు మనల్ని ఓడించింది నిజమే. అయినా ఎనిమిది మంది కోసం జిల్లా జిల్లా కదిలింది. ఒంటరిగా పిస్టల్ పట్టుకున్నవాడి వెనక ఎవరూ కదలరు.

ఇదంతా ఆ తమ్ముడికి ఒక్క రోజులో చెప్పలేదు. "బయానా పోతదన్నా" అన్నాడు. "పోనీరా, చెయ్యి మిగులుద్ది" అన్నాను. ఒప్పుకున్నాడని చెప్పను. కానీ ఆ వారం నుంచి రాత్రిపూట వాళ్ల వీధిలో మేం నలుగురం వంతులేసుకుని పడుకుంటున్నాం. మూడో నియమం కింద అర్జీ రాసి, వాడి సంతకంతో పాటు అరవై సంతకాలు పెట్టించాం. నిద్ర పట్టని మనిషికి ధమ్మం చెప్పబోయే ముందు అతని గుమ్మం దగ్గర ఒక రాత్రి పడుకోవాలి. అది మనం చెయ్యకపోతే, వాడు పిస్టల్ కోసం కొలతిచ్చిన రోజున ఆ తప్పులో మన వాటా కూడా ఉంటుంది.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!