ఉమ్మడి నివాసములు - ఇరుగుపొరుగు ధర్మము

హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి నగరములలో స్థలము కొని విడిగా ఇల్లు కట్టుకొనుట సామాన్య గృహస్థునకు అందని పని యైనది. అందుచే అనేక కుటుంబములు అపార్టుమెంటులలో ఫ్లాటు కొనుక్కొని కాపురముండుచున్నవి. ఈ కొనుగోలులో ఒక విశేషము కలదు. కొనినవాడు తన నాలుగు గోడల నడుమ నున్న చోటు మాత్రమే తనదనుకొనును. విక్రయ దస్తావేజులో మాత్రము మరియొక మాట యుండును: ఇన్ని చదరపు గజముల అవిభాజ్యమైన స్థలపు వాటా. 1,200 చదరపు అడుగుల ఫ్లాటునకు 40 గజముల వాటా వ్రాసియున్నచో, ఆ 40 గజములు ఎచ్చట నున్నవో చూపగలవాడు లేడు. గేటు వద్ద లేవు, బోరుబావి వద్ద లేవు. ఆ స్థలములో ప్రతి అంగుళమునందును అందరి హక్కును కలిసియున్నది.

పూర్వపు ఉమ్మడి కుటుంబముతో దీనిని పోల్చుట పరిపాటి. కాని పోలిక సగమే సరిపోవును. అన్నదమ్ములకు పొత్తు కుదరనిచో పెద్దమనుష్యులను పిలిచి పంచుకొనెడివారు. దొడ్డికి అడ్డుగోడ లేచెడిది, బావికి వంతులు ఏర్పడెడివి. అపార్టుమెంటునకు ఆ సౌకర్యము లేదు. మూడవ అంతస్తు రెండవ అంతస్తుపై అలిగి వేరు పోజాలదు. రక్తసంబంధము లేని, ఒకరి ఊరు ఒకరికి తెలియని యిరువది కుటుంబములు, తోబుట్టువులకంటె గట్టిగా, విడిపోవుటకు వీలులేని పొత్తులో చిక్కుకొనియున్నవి. యజమానుల సంఘము, అనగా వాడుకలో అసోసియేషను అనబడునది, ఈ పొత్తును నడుపుటకు ఏర్పడినదే.

ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1987లోనే అపార్టుమెంటుల నిర్మాణమును, యాజమాన్యమును గూర్చి ప్రత్యేక చట్టము చేసినది. 2016లో కేంద్రప్రభుత్వము స్థిరాస్తి నియంత్రణ చట్టమును, అనగా రెరాను, తెచ్చినది. ఉమ్మడి భాగములపై హక్కును నిర్మాత కొనుగోలుదారుల సంఘమునకు వ్రాసి యీయవలెనని ఈ చట్టము చెప్పుచున్నది. ఇల్లు స్వాధీనమైన ఐదేండ్లలోపల కట్టడములో లోపము బయటపడి, దానిని తెలియజేసినచో, 30 దినములలో నిర్మాత తన ఖర్చుతో బాగుచేయవలెను. ఫిర్యాదు చేయు అధికారము వ్యక్తికి వలెనే సంఘమునకును కలదు. ఒంటరి గృహస్థుడు నిర్మాత కార్యాలయము మెట్లు ఎక్కి దిగుటతోనే అలసిపోవును. ఇరువది సంతకములున్న కాగితమునకు బదులు వచ్చును. సంఘమువలన కలుగు ప్రయోజనములలో మొదటిది ఇదియే. ఐతే సంఘము ఏర్పడుటకు పాటుపడుట కొనుగోలుదారుని విధి యనియు అదే చట్టము చెప్పినది. హక్కులను చెప్పిన ప్రకరణముననే ఈ విధిని చేర్చుట గమనింపదగినది. కాని హక్కును చదివినంత శ్రద్ధగా విధిని చదువువారు అరుదు.

ఇక ప్రతి సంఘములోను ఏదో ఒకనాడు లేచు ప్రశ్న ఒకటి కలదు: వాడనివాడు ఎందుకు ఇయ్యవలెను? క్రింది అంతస్తులో నుండువాడు లిఫ్టు ఎక్కడు. నెలనెలా లిఫ్టు ఖర్చు, జనరేటరు డీజిలు ఖర్చు అతని వాటాలోను పడుచున్నది. ఇది అన్యాయమని అతడు వాదించును. వినుటకు వాదము సబబుగానే యుండును. లోభి మాటగా దీనిని త్రోసివేయరాదు. లెక్క సరిగా చూచుకొను గృహస్థుడెవరైనను ఇట్లే అడుగును.

ఈ వాదమును మెట్టు మెట్టుగా పైకి తీసికొనిపోయి చూడవలెను. వానకాలములో డాబా కురియును. తడియునది పై అంతస్తువాని గది. క్రిందివాడు లిఫ్టునకు ఇయ్యనిచో, పైవాడొక్కడే డాబాకు సున్నము, సిమెంటు వేయించుకొనవలెను. కాని ఆ డాబా పై అంతస్తునకు మాత్రమే కప్పా? దానిగుండా దిగిన నీరు స్తంభములలోని ఇనుమును తినివేసినచో, ఆ స్తంభములపైననే క్రింది యిల్లును నిలిచియున్నది. ఇట్లే మురుగుగొట్టము పూడినచో నీరు ఎదురుతన్నునది క్రిందివాని స్నానాలగదిలోనే. ఆ నీరు మాత్రము ఐదంతస్తులవారు వదలినది. పైవారును “మాకు దుర్గంధము రాదు, మేమేల ఇయ్యవలెను?” అన్నచో క్రిందివాని గతి యేమి? ఎవరి వాడుకకు వారే ఇయ్యవలెనను సూత్రము మొదట లిఫ్టు దగ్గర క్రిందివానికి నాలుగు రూపాయలు మిగిల్చి, పిమ్మట మురుగుగొట్టము దగ్గర అతనిని ఒంటరిని చేయును.

ఐనను అన్నిటికి ఒకే కొలత తగదు. కట్టడము నిలుచుటకు, అందరికి రక్షణ కలుగుటకు అగు వ్యయము వేరు. ఒక్కొక్కరి అభిరుచిని బట్టి పెరుగు వ్యయము వేరు. ఒక యింట నలుగురుందురు, మరియొక యింట ఒంటరి వృద్ధురాలు ఉండును. వేసవిలో బోరుబావి యెండి ట్యాంకరు తెప్పించినపుడు ఇద్దరికి ఒకే మొత్తము వేయుట ధర్మము కాదు. నీటికి మీటరు పెట్టవచ్చును. పెట్టగలిగినపుడు పెట్టకపోవుట సోమరితనము. హైదరాబాదులో 2021 జనవరిలో ఇంటికి నెలకు 20,000 లీటర్ల వరకు ఉచితముగా నీరిచ్చు పథకము ఆరంభమైనపుడు, దానికై మీటరు, ఆధార్ అనుసంధానము కోరిరి. అపార్టుమెంటునకు వచ్చు బిల్లు ఒక్కటే. అనుసంధానము మాత్రము ఇంటింటివారును చేసికొనవలసి వచ్చెను. పై ఊళ్లలో నుండి ఫ్లాటులు అద్దెకిచ్చిన యజమానులలో ఒకరు ఉదాసీనత వహించినను ఆ భారము ఉమ్మడి బిల్లుపై పడునది. ధనము ఇచ్చుటతోనే బాధ్యత తీరదని దీనివలన తెలియుచున్నది.

బకాయిదారుల విషయము మరింత సున్నితమైనది. ఇయ్యగలిగియు ఇయ్యనివాడొకడు, ఇయ్యలేనివాడొకడు. ఇద్దరి పేర్లును నోటీసుబోర్డుపై ఒకే వరుసలో వ్రాయుట కొన్ని సంఘములలో అలవాటైనది. కొన్నిచోట్ల నీటిగొట్టమునే బిగించుచున్నారు. మొండివాడు బయట తిని, బయట స్నానము చేసి రాగలడు. దాహమునకు గురియగునది ఇంటనున్న పసిబిడ్డ, రోగి. బాకీ రాబట్టుటకు న్యాయస్థానములు కలవు. ఆలస్యమగును, నిజమే. ఆ ఆలస్యమునకు విరుగుడుగా ఇరుగుపొరుగువారే శిక్షించు పని పెట్టుకొనినచో, పిమ్మట అదే మెట్లపై ఒకరినొకరు ఏ ముఖముతో పలుకరించుకొందురు?

ఇంతవరకు చెప్పినది ఓటు కలవారిని గూర్చి. సంఘములో ఓటు లేనివారును ఆ కట్టడములోనే యున్నారు. అద్దెకున్నవారు నెలనెలా మెయింటెనెన్సు చెల్లించియు, చాలచోట్ల సమావేశమునకు పిలుపు పొందరు. వారికంటె క్రిందిమెట్టున వాచ్‌మన్ కుటుంబము కలదు. చాల కట్టడములలో అతని నివాసము సెల్లారులో మెట్ల క్రింద కట్టిన చిన్న గది. అతడు మోటారు వేయును, గేటు తీయును, అర్ధరాత్రి వచ్చు కార్లకు లేచును. భార్య నాలుగైదు ఇండ్లలో అంట్లు తోమును. అట్టివారు లిఫ్టు ఎక్కరాదని బల్ల కట్టిన సంఘములును కలవు. లిఫ్టు ఎక్కనివాడును ఖర్చు ఇయ్యవలెను, ఏలనగా కట్టడము అందరిదని క్రింది అంతస్తువానికి చెప్పిన నోటితోనే, ఆ కట్టడమును రేయింబవళ్లు కాచువానిని లిఫ్టు దిగుమనుట ఎట్లు పొసగును? మడివాళ మాచయ్య బట్టలుతికినవాడు, అంబిగర చౌడయ్య పడవ నడిపినవాడు, నులియ చందయ్య త్రాళ్లు పేనినవాడు అని బిడ్డలకు చెప్పు ఇండ్లలోనైనను ఆ బల్లను గూర్చి ఒకమారు ఆలోచింపవలెను.

సంవత్సరాంతమున సర్వసభ్య సమావేశము జరుగును. రంగులు, కెమెరాలు, గేటు, కార్పస్ నిధి వడ్డీ చర్చకు వచ్చును. మెట్ల క్రింది గదికి కిటికీ పెట్టించుట విషయసూచికలో చేరవలెనన్నచో, ఓటున్నవారెవరో ఒకరు కార్యదర్శికి వ్రాసి యీయవలసియుండును. వాచ్‌మన్‌కు ఆ సమావేశములో కుర్చీలు వేయుట, టీ తెచ్చుట తప్ప మరియొక పని లేదు.