మాట అన్నవాడికి పాపం ఎంత?

ఈ వారం వీడియోలో మంథర గురించి చెప్పుకున్నాం కదా. వరాలు అడిగింది కైకేయి. మంథర చేసిందల్లా ఆమె మనసులో ఒక భయం నాటడమే. మరి జరిగినదాంట్లో మంథరకి భాగం ఉందా?

ఈ ప్రశ్న పురాణకాలంతో అయిపోలేదు. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, ఒలేతా ఊళ్ళో ఒక బార్‌లో మన హైదరాబాద్ ఇంజనీర్ కూచిభొట్ల శ్రీనివాస్‌ని ఒకడు కాల్చి చంపాడు. శ్రీనివాస్‌కి అప్పటికి 32 ఏళ్ళు. పక్కనున్న స్నేహితుడికి, ఆపబోయిన ఒక అమెరికన్‌కి కూడా తూటాలు తగిలాయి. కాల్చినవాడు ముందు వీసా గురించి నిలదీశాడు, మా దేశం నుంచి పొండి అని అరిచాడు. తర్వాత ఇంకో ఊరికి పారిపోయి, ఇద్దరు ఇరానియన్లని చంపానని చెప్పుకున్నాడు.

దానికి నెల కూడా కాకముందే, జనవరి 27న, ఇరాన్‌తో సహా ఏడు దేశాలవాళ్ళు అమెరికాకి రాకుండా ట్రంప్ ఆదేశం ఇచ్చారు. అంతకుముందు 2015 డిసెంబరులో, ఎన్నికల ప్రచారంలో, ముస్లింలెవరినీ దేశంలోకి రానివ్వొద్దన్నారు. ఈ మాటలకీ కాల్పులకీ సంబంధం అంటగట్టడం అర్థంలేనిదని వైట్ హౌస్ ప్రతినిధి కొట్టిపారేశారు.

ఆ ఆదేశం చూసే వాడు తుపాకీ తీశాడని నేనూ అనను. ఆ ప్రసంగాలు కోట్లమంది విన్నారు, కాల్చింది ఒక్కడు. ఆ నేరం పూర్తిగా వాడిదే. 2018లో కోర్టు యావజ్జీవం వేసింది కూడా.

కానీ ప్రొడక్షన్‌లో సిస్టమ్ పడిపోతే, మేం ఎర్రర్ వచ్చిన చివరి లైన్ దగ్గరే ఆగిపోం. దానికి ఏ ఇన్‌పుట్ అందిందో వెనక్కి వెళ్ళి చూస్తాం. ద్వేషప్రసంగం రెండు పనులు చేస్తుంది. శత్రువు ఎవరో చూపిస్తుంది. ఇప్పుడే ఏదో ఒకటి చేయకపోతే మన పని అయిపోతుందని తొందరపెడుతుంది. అప్పుడు చంపేవాడికి తను హంతకుడిలా కనిపించడు, కాపలావాడిలా కనిపిస్తాడు.

2019 ఆగస్టు 3న టెక్సస్‌లోని ఎల్ పాసోలో 23 మందిని బలిగొన్నవాడు, లాటిన్ అమెరికా మూలాలవాళ్ళు చేస్తున్న దండయాత్రకి ఇది జవాబు అని రాశాడు. తన అభిప్రాయాలు ట్రంప్ రాకముందునుంచే ఉన్నాయని కూడా రాశాడు. నిజమే కావచ్చు. కానీ దండయాత్ర అనే ఆ మాట అప్పటికే ఎన్నికల ప్రకటనల్లో మోగుతోంది. ద్వేషాన్ని నాయకుడే పుట్టించక్కర్లేదు. దానికి గౌరవం ఇస్తే చాలు.

పాపం ఆస్తి కాదండీ, వాటాలు వేసి పంచుకుంటే తగ్గడానికి. భరతుడు తల్లిని అంత కఠినంగా నిందించాడు. అంతమాత్రాన మంథర నిర్దోషి అయిపోలేదు. కాల్చినవాడి పాపం వాడికి పూర్తిగా ఉంటుంది. మాట అన్నవాడికి తన మాట తాలూకు పాపం విడిగా ఉంటుంది.

వీసాలు తగ్గించాలి అనడం ఒక అభిప్రాయం, దానితో వాదించొచ్చు. ఒక జనం మొత్తాన్నీ ముప్పు అనడం వేరు. తుపాకీ పట్టినవాడు పాస్‌పోర్ట్ అడగడు, మొహం చూస్తాడు. అందుకే ఇరాన్ మీద కోపం శ్రీనివాస్ ప్రాణం తీసింది.

శ్రీనివాస్ కోసం మనం బాధపడ్డాం. ఒక మతాన్నో, ఒక ప్రాంతాన్నో మొత్తంగా చీడ అనే మెసేజ్ రేపు మన ఫ్యామిలీ గ్రూప్‌లోకి వస్తే, అది మన ధర్మం పేరుతోనే వచ్చినా సరే, ఇదే కొలతతో చూద్దాం. ఫార్వర్డ్ చేసే వేలు కూడా మాట్లాడినట్టే లెక్క.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. శుభం.