నవ్వు వచ్చినప్పుడు, కోపం వచ్చినప్పుడు

గజ్వేల్‌లో జుమా నమాజు తర్వాత ఒక యువకుడు మమ్మల్ని ఆపి, “మౌలానా సాబ్! సినిమా హాస్యంలో మన గడ్డాన్ని, టోపీని ఎగతాళి చేస్తుంటే కోపం రావడం తప్పా?” అని అడిగాడు.

తప్పు కాదు. తాను ప్రాణంగా నమ్మినదాన్ని నలుగురిలో నవ్వులపాలు చేస్తే ఎవరి మనసైనా గాయపడుతుంది. (సినిమాలు చూడవచ్చా అన్నది వేరే మాట.) అయితే మేమూ ఒకటి అడిగాము. 2012లో ‘దేనికైనా రెడీ’ చిత్రం వచ్చింది. ముస్లిం తండ్రికి, హిందూ తల్లికి పుట్టిన కథానాయకుడు అందులో బ్రాహ్మణ వేషం వేస్తాడు. తమను కించపరిచారంటూ బ్రాహ్మణ సంఘాలు హైదరాబాదులో నిరసనకు దిగాయి. “అది టీవీలో వచ్చినప్పుడు మీరేం చేశారు?”

“ఇంటిల్లిపాదీ నవ్వామండీ” అన్నాడు, తల వంచుకుని.

ఇతరులు అల్లాహ్‌ను కాదని వేడుకునేవాటిని దూషించవద్దని దివ్య ఖుర్ఆన్ (అన్ఆమ్: 108) మనల్ని వారించింది. కారణమూ చెప్పింది: వారు అజ్ఞానంతో తిరిగి అల్లాహ్‌నే దూషిస్తారని. మనం నవ్విన నవ్వు మన గడపకే తిరిగి వస్తుందన్నమాట.

ఇస్లాం నవ్వును నిషేధించలేదు. వాహనం అడిగిన మనిషితో దైవప్రవక్త (స) ఒంటె పిల్లనిస్తానన్నారు. పిల్లతో ఏం చేసుకోనని అతను తికమకపడితే, ఏ ఒంటె అయినా మరో ఒంటెకు పిల్లే కదా అన్నారు (తిర్మిజీ). అందులో అబద్ధమూ లేదు, అవమానమూ లేదు.

మరి మన ధర్మాన్నే పరిహసిస్తుంటే? మాట మారేవరకు వారితో కూర్చోవద్దని ఆజ్ఞ (నిసా: 140). రాళ్లు రువ్వమనలేదు. పక్కవారి ధర్మాన్ని పరిహసించినప్పుడు కూడా టీవీ కట్టేయమని ఆ యువకునికి చెప్పాము.