బండి లోపం కొనేవాడికి చెప్పాలా? చెప్పకపోతే అది అబద్ధమేనా?



ధర్మరాజు రథం గురించి మొన్నటి వీడియోలో రెండు నిమిషాలే మాట్లాడాను. టైం సరిపోక వదిలేసిన ప్రశ్న ఒకటుంది, అది ఇక్కడ రాస్తున్నా. నోటితో ఒక్క అబద్ధం కూడా చెప్పకుండా ఎదుటివాడు అబద్ధాన్ని నమ్మేలా చేశామనుకోండి. దాన్ని ఏమనాలి?

కథ మీకు తెలిసిందే. ద్రోణ పర్వంలో భీముడు అశ్వత్థామ అనే ఏనుగుని చంపుతాడు. కొడుకు చనిపోయాడన్న మాట ద్రోణుడి చెవిన పడుతుంది. ఆయన నమ్మడు. అబద్ధం చెప్పడని పేరున్న ధర్మరాజునే అడుగుతాడు. ధర్మరాజు అశ్వత్థామ చనిపోయాడని గట్టిగా చెప్పి, ఏనుగు అన్న మాటని మాత్రం వినపడీ వినపడనట్టు అంటాడు. వాక్యం మొత్తం తీసుకుంటే అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అయినా, అప్పటిదాకా నేలకి నాలుగు అంగుళాల పైన నడుస్తున్న ఆయన రథం ఆ మాటతో నేల మీదకి దిగిపోయిందని వ్యాసుడు రాశాడు. నన్ను ఎప్పుడూ ఆపేసేది ఈ చోటే. శిక్ష వేరే ఎక్కడో పడొచ్చు కదా, పోయి పోయి బండి మీద పడింది.

బండి అంటే గుర్తొచ్చింది, అసలు ఈ ప్రశ్న నాకు మా బాబాయి ఇంట్లో దొరికింది. బాబాయి వాళ్లది గిద్దలూరు. ఇంట్లో పదేళ్ల నాటి ఏడు సీట్ల బండి ఉంది, ఆటోమేటిక్. మా వైపు ఆటోమేటిక్ బండ్లు తక్కువే. బాబాయికి ఎడమ మోకాలు అరిగిపోయింది, క్లచ్ తొక్కలేడు, అందుకని హైదరాబాద్ వెళ్లి మరీ సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కొచ్చాడు. త్రిపురాంతకం వెళ్లాలన్నా, మార్కాపురం చెన్నకేశవ స్వామి గుడికన్నా, దోర్నాల మీదుగా శ్రీశైలమన్నా చుట్టాలందరికీ అదే బండి. పోయిన వేసవిలో దాని గేర్‌బాక్స్ పోయింది.

పోయింది అంటే ఒక్కసారిగా పోలేదు. ముందు డి లో వేస్తే ఒక్క క్షణం ఆలోచించి కదిలేది. తర్వాత ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం ముందుకి పోదు. మార్కాపురం మెకానిక్ డిప్‌స్టిక్ తీసి చూపించాడు. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ నల్లగా, మాడు వాసన కొడుతోంది.

ఇది ఎందుకవుతుందో కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. ఆటోమేటిక్ బండిలో ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి ఒకటి స్విచ్ వేస్తే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా, అలాంటిదే. గాలి బదులు అక్కడ ఆయిల్ ఉంటుంది, అంతే తేడా. లోపల గేర్లు మార్చేది క్లచ్ ప్లేట్లు. వాటిని బిగించి పట్టుకునేది కూడా ఆ ఆయిల్ ప్రెషరే. చల్లారబెట్టేదీ అదే, కందెనా అదే. ఎండలో, ఎత్తు మీద, ఎనిమిది మందిని ఎక్కించి లాగిస్తే ఆయిల్ కాగుతుంది. కాగితే పలచబడుతుంది. సీళ్లు అరిగిపోయిన పాత బాక్సులో పలచటి ఆయిల్ ప్రెషర్ నిలబెట్టలేదు, ప్లేట్లు జారతాయి, జారితే ఇంకా వేడెక్కుతాయి. అదే బండి తెల్లారుజామున చల్లగా ఉన్నప్పుడు, ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు, చక్కగా నడుస్తుంది. ఏ లోపమూ లేనట్టే ఉంటుంది.

కొత్త గేర్‌బాక్స్‌కి చెప్పిన రేటు బండి రేటులో సగం. బాబాయి అమ్మేద్దామనుకున్నాడు. బ్రోకర్ ఒకాయన వచ్చాడు.

"ఏం లేదన్నా, ఆయిల్ మార్పిద్దాం. పొద్దున్నే ఆరింటికి రమ్మందాం. కంభం రోడ్డు సదరంగా ఉంటది, పది కిలోమీటర్లు తిప్పి చూపిద్దాం. మనమేం అబద్ధం చెప్పట్లేదు గదా. వాడడిగితే చెప్పు. అడక్కపోతే నీకెందుకు?"

కొనడానికి ఒప్పుకున్నది ఎర్రగొండపాలెం వైపు కుర్రాడు. అప్పు తెచ్చి, శ్రీశైలం యాత్రలకి తిప్పుకుందామని కొంటున్నాడు. అంటే రోజూ దోర్నాల ఘాట్. సుమారు 50 కిలోమీటర్లు నల్లమల అడవిలో పోవాలి. రాత్రయితే అటవీ శాఖ గేటు వేసేస్తుంది. యాత్రికులతో అక్కడ బండి ఆగిపోతే పరిస్థితి ఎలా ఉంటుందో మా వైపు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

బాబాయి నసుగుతుంటే బ్రోకర్ పోతన గారిని తెచ్చాడు! వామన చరిత్రలో ఉంది కదన్నా, ప్రాణం మీదకొచ్చినా, డబ్బు పోయేటట్టున్నా, పరువు పోయేటట్టున్నా బొంకొచ్చు, పాపం లేదు అని. ఈ పద్యం తెలియని తెలుగువాడు ఉండడు. వ్యాపారంలో ఇది పనికొచ్చినంతగా ఇంకే పద్యం పనికిరాదేమో.

కానీ ఒక్కసారి ఆ ఘట్టం మొత్తం చూడండి. ఆ మాట అంటున్నది ఎవరు? శుక్రాచార్యుడు. ఎవరితో? ఇస్తానని మాటిచ్చిన బలి చక్రవర్తితో. ఎందుకు? ఆ మాట తప్పించడానికి. బలి ఏం చేశాడు? గురువు చెప్పిన మినహాయింపు తీసుకోలేదు. మూడు లోకాలూ పోతాయని తెలిసే ధార పోశాడు. మనం ఇప్పటికీ తలుచుకునేది ఆయన్ని. సలహా ఇచ్చినాయన మాటని మాత్రం సామెతలా వాడుకుంటున్నాం. భాగవతంలో ఉంది అని ఎవరైనా అంటే, ఏ పాత్ర నోట ఉంది అని అడగడం అలవాటు చేసుకోండి. సగం వాదనలు అక్కడే ఆగిపోతాయి.

ఇక చట్టం సంగతి. అడక్కపోతే చెప్పక్కర్లేదు అన్న బ్రోకర్ మాటకి చట్టంలో కొంత ఆధారం ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. భారత కాంట్రాక్టు చట్టం, 1872లో 17వ సెక్షన్ మోసం గురించి. ఊరికే నోరు మూసుకోవడం మామూలుగా మోసం కాదని అందులో ఉంది. ఉదాహరణ కూడా బండి లాంటిదే ఇచ్చారు, గుర్రం. జబ్బు గుర్రమని తెలిసీ ఒకడు వేలంలో అమ్ముతాడు, ఏమీ చెప్పడు. అది మోసం కాదు. రెండో ఉదాహరణలో గుర్రం అదే, అమ్మేవాడూ అతనే. కానీ కొనేది అప్పుడే మేజరైన అతని కూతురు. అప్పుడు చెప్పి తీరాలి, వాళ్ల బంధమే ఆ బాధ్యత పెడుతుంది అంటుంది చట్టం. మూడోది ఇంకా బాగుంటుంది: నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటా అని కొనేవాడు అంటే, ఆ తర్వాత మౌనం కూడా మాటతో సమానమే.

ఇదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. తెలిసిన విషయాన్ని పని గట్టుకుని దాచడం మోసమే. మాడు వాసన పోవడానికి ఆయిల్ మార్చడం, వేడెక్కకముందే చూపించడం దీని కిందకే వస్తాయని నా అభిప్రాయం. అది మౌనం కాదు, చేతులతో చెప్పిన అబద్ధం. ధర్మరాజు గొంతు తగ్గించినట్టే.

నన్ను పట్టుకున్నది మాత్రం ఆ కూతురి ఉదాహరణే. చట్టం అక్కడ గీత గీసేసింది, కూతురైతే చెప్పు, పరాయివాడైతే నీ ఇష్టం అని. చట్టానికి ఎక్కడో ఒక చోట గీత కావాలి, దాన్ని తప్పుపట్టలేం. కానీ పొద్దున లేచి విష్ణు సహస్రనామం చదివే మనం కూడా అదే గీత దగ్గర ఆగిపోతే ఆ చదవడం ఎందుకు? అందరిలోనూ ఉన్నవాడు ఒక్కడే అని రోజూ నోటితో అంటున్నాం. ఎర్రగొండపాలెం కుర్రాడిలో కూడా ఉన్నాడనేగా?

దీనికి గట్టి ఎదురు ప్రశ్న ఉంది, దాన్ని తప్పించుకోను. అమ్మేవాడు కూడా బీదవాడే అయితే? నిజం చెబితే బండి అమ్ముడుపోదు, చెప్పకపోతే ఇల్లు నిలబడుతుంది అనుకుందాం. అప్పుడు సత్యం పలుకు అని నీతి చెప్పడం, ఏసీ గదిలో మైకు ముందు కూర్చున్న నాలాంటివాడికి సులువే. నా జవాబు ఇది: బీదతనం వల్ల రేటు బేరమాడొచ్చు, వాయిదా అడగొచ్చు, సాయం అడగొచ్చు. కానీ నా నష్టాన్ని చెప్పకుండా ఇంకో బీదవాడి నెత్తిన పెడితే నష్టం ఎక్కడికీ పోలేదు, ఊరు మారిందంతే. పైగా అది ఘాట్‌లో, ఎనిమిది మంది కూర్చున్నప్పుడు బయటపడుతుంది. విత్తభంగం అన్న మినహాయింపు ఎదుటివాడి ప్రాణం దాకా సాగదు.

మన పాత స్మృతులకి ఈ గొడవ బాగా తెలుసు. కొన్న తర్వాత, అమ్మిన తర్వాత పశ్చాత్తాపపడే తగాదాలకి మనుస్మృతి పద్దెనిమిది వ్యవహారాల్లో ఒక చోటు ఇచ్చింది. యాజ్ఞవల్క్య స్మృతి పరీక్షించి చూసుకోవడానికి గడువులు కూడా చెప్పింది: విత్తనాలకి 10 రోజులు, రత్నాలకి 7, పాడి పశువుకి 3, ఇనుముకి ఒక్క రోజు. బండి లాగే పశువుకి 5 రోజులు! పొద్దున ఆరింటికి పది కిలోమీటర్లు కాదు. ఎద్దు ఎండలోనూ, బరువుతోనూ, ఎత్తు మీదా ఎలా నడుస్తుందో చూడాలంటే అన్ని రోజులు కావాల్సిందే.

పెద్ద కంపెనీలకీ ఈ పరీక్ష తప్పలేదు. అమెరికాలో ఉన్న మన కుటుంబాలు చాలామంది వాడిన హోండా ఒడిస్సీ వ్యాన్‌లలో 1999 నుంచి 2001 దాకా వచ్చిన వాటికి ఆటోమేటిక్ గేర్‌బాక్సులు పాడవుతుంటే, వారంటీని 7 ఏళ్లకి లేదా లక్ష మైళ్లకి పెంచారు. 2004లో సెకండ్ గేర్ వేడెక్కే సమస్య మీద, వేరే మోడళ్లతో కలిపి సుమారు 11 లక్షల బండ్లని వెనక్కి పిలిచారు. నియంత్రణ సంస్థలు ఉన్నాయి కాబట్టి చేశారు అనొచ్చు, నిజమే. కానీ రీకాల్‌లో నాకు నచ్చే సంగతి ఒకటుంది: అది మొదటి కొనుగోలుదారుతో ఆగదు. బండి ఎన్ని చేతులు మారినా, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంటే వాళ్లకి వర్తిస్తుంది. చెప్పాల్సిన బాధ్యత బండితో పాటే వెళ్తుందన్నమాట.

బాబాయి ఇంట్లో ఏమైందంటే, పిన్ని ఒకే మాట అంది. "ఆ పిల్లోడు మన చిన్నోడి ఈడోడే గదా." బాబాయి ఆ కుర్రాడికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. కుర్రాడు థాంక్స్ కూడా చెప్పలేదు, సరేనని పెట్టేశాడు, మళ్లీ రాలేదు. బ్రోకర్ నెల రోజులు మాట్లాడలేదు. కర్మఫలం వెంటనే మంచిగా వచ్చిందని కథ చెప్పాలంటే ఇక్కడ ఏమీ లేదు.

చివరికి హైదరాబాద్ నుంచి పాత గేర్‌బాక్స్ ఒకటి తెప్పించి మార్కాపురంలోనే వేయించారు. మెకానిక్ రేడియేటర్ కూలర్ పైపులు కడిగి, కొత్త ఆయిల్ పోసి, మధ్యాహ్నం ఎండలో ఏడుగురిని ఎక్కించుకుని దోర్నాల ఘాట్ ఎక్కించి చూశాకే మిగతా డబ్బులు తీసుకున్నాడు. పిన్ని ఎందుకైనా మంచిదని ముందు నిమ్మకాయ తొక్కించింది. ఎవరి బండిలోదో, ఏ యాక్సిడెంట్‌లో విడిపోయిందో అని ఆవిడ భయం. దాన్ని నేను మూఢనమ్మకం అనను. ఇనుముకీ ఒక గతం ఉంటుందని గుర్తుపెట్టుకోవడం అది.

బాబాయి డ్యాష్‌బోర్డు పెట్టెలో ఒక కాగితం పెట్టాడు. ఏ తేదీన మార్చారు, అప్పటికి బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎంత ఖర్చయింది. కింద ఇంకో లైను, వేసింది కొత్తది కాదు, పాతదే అని. అది కూడా రాయాలా అని పిన్ని అడిగితే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, ఆ కాగితం మడిచి మళ్లీ లోపల పెట్టాడు.

బలి, శుక్రుల సంభాషణ మీద పూర్తి వీడియో వచ్చే శనివారం పెడుతున్నాను. వీలుంటే ముందుగా వామన చరిత్ర ఒకసారి చదివి రండి.