గడ్డం మీది మంచు

మా గడ్డాల గురించి మాట్లాడనివాళ్లు లేరు. తడిసిన గడ్డానికి చలికాలంలో ఏమవుతుందో అడిగేవాళ్లు మాత్రం లేరు. చెన్నూరులో పుష్యమాసపు తెల్లవారుజామున ఫజర్ నమాజుకు లేచే మా ముసలాళ్లకు తెలుసు ఆ సంగతి. వజూలో ముఖం కడగాలి, తడి వేళ్లు గడ్డంలోకి పోనిచ్చి దువ్వాలి. బయటికొస్తే గోదావరి మీంచి గాలి. రుమాలుతో తుడుచుకుని మఫ్లరు చుట్టుకునేలోపే దవడలు కొట్టుకుంటాయి. ఉమ్మడి ఆదిలాబాద్‌లో చలి పది డిగ్రీల లోపుకు దిగడం మాకు కొత్త కాదు.

ఈ చలిని మా మజ్‌హబ్ కూడా లెక్కలోకి తీసుకుంది. చన్నీళ్లతో ప్రాణానికి ముప్పుంటే మట్టితో తయమ్ముమ్ చేసుకోవచ్చు. ఒక చలిరాత్రి అమ్ర్ ఇబ్నుల్ ఆస్ స్నానం మాని తయమ్ముమ్‌తోనే నమాజు చదివించాడని, ప్రవక్త దాన్ని తప్పు పట్టలేదని హదీసు. నియమం వెనక మనిషి క్షేమం ఉందా అని అడగడం మేం అక్కడే నేర్చుకున్నాం.

చెన్నూరు చలి గడ్డాన్ని తడిపి వదిలేస్తుంది. మంచుకొండల చలి వదలదు. మన తెలుగువాడు మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. 2015లో ఆండీస్ కొండల్లోనే ప్రాణం విడిచాడు. అలాంటి చోట వదిలిన ఊపిరి మీసం మీద, గడ్డం మీద మంచై గడ్డకడుతుంది. ముఖానికి కట్టుకున్న గుడ్డ దానికి అతుక్కుపోతుంది. లాగితే వెంట్రుకలు ఊడొస్తాయి, అందుకే అరచేతి వేడితో కరగనివ్వాలి. మీసం పెదవి మీద పడకుండా కత్తిరించుకోవాలి. అలాగని బయల్దేరే ముందు నున్నగా గీసుకోకూడదు, గీసిన చర్మాన్ని చలిగాలి పగలగొడుతుంది. గడ్డం కింద చర్మం తెల్లబడి మొద్దుబారితే పైకి కనపడదు, తోటివాడు కనిపెట్టి చెప్పాలి. ఆక్సిజన్ మాస్కు సందు లేకుండా ముఖానికి అంటుకోవాలి.

ఇవీ నియమాలే. వీటి మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. ఎందుకంటే ఇవి గడ్డం ఉన్న ఎవరికైనా ఒకటే. చలి ఎవరి పేరూ అడగదు.

మనుషులు అడుగుతారు. 2009లో మధ్యప్రదేశ్‌లోని విదిశలో ఒక ముస్లిం విద్యార్థి, బడిలో గడ్డం ఉంచుకోనివ్వమని సుప్రీంకోర్టు దాకా వెళ్తే న్యాయమూర్తి నోట తాలిబాన్ మాట వచ్చింది. తర్వాత ఆ మాటను విచారంతో వెనక్కి తీసుకున్నారు. కానీ బడిపిల్లాడి నూనూగు గడ్డం చూస్తే ముందుగా గుర్తొచ్చేది ఏమిటో దేశానికి తెలిసిపోయింది. 2016 డిసెంబరు 15న వైమానిక దళంలో గడ్డం పెంచుకున్న మహమ్మద్ జుబేర్ సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. మతం గడ్డం గీయడాన్ని నిషేధిస్తేనే మినహాయింపు అన్నది నిబంధన. ఇస్లాంలో అలాంటి నిషేధం చూపలేదన్నది తీర్పు. గడ్డం పనికి అడ్డమా అన్నది పక్కకుపోయి, మతంలో తప్పనిసరా అన్నదే మిగిలింది. సియాచిన్ మంచులో కాపలా కాసే సిక్కు జవాన్లకూ గడ్డాలున్నాయి. వాళ్లకది ఉండాల్సిందే, మేం కాదనం. ఆ గడ్డంతో చెడని క్రమశిక్షణ మా గడ్డంతో ఎలా చెడుతుంది?

అమెరికా సుప్రీంకోర్టు 2015లో ఇంకోలా అడిగింది. అర్ధ అంగుళం గడ్డంలో ఖైదీ ఏదో దాస్తాడని ఆర్కాన్సా జైలువాళ్లు అంటే, మరి తలమీద జుట్టులో దాచలేడా అంది. ముస్లిం ఖైదీ గెలిచాడు. 2020లో కరోనా వచ్చినప్పుడు గడ్డం మీద మాస్కు అతకదన్న ఇబ్బందికి, గడ్డం మీద పల్చటి సాగే పట్టీ కట్టి పైన మాస్కు వేసుకునే పద్ధతిని బ్రిటన్‌లో సిక్కు డాక్టర్లు వాడారు. అవసరం నిజమైతే దారి కూడా దొరుకుతుంది.

ఈ మాట మాలోపలి పెద్దలకూ వర్తిస్తుంది. గడ్డం లేని కుర్రాణ్ని పట్టుకుని నువ్వేం ముసల్మానువి అని అడిగేవాళ్లు మా గల్లీల్లోనూ ఉన్నారు. చెన్నూరుకు పక్కనే సింగరేణి బావులున్నాయి. విషవాయువు నిండిన బావిలోకి మనుషుల్ని కాపాడ్డానికి దిగేవాడు మాస్కు కోసం గడ్డం తీసేస్తే అతని ఈమాన్ ఏం తగ్గింది? గడ్డాన్ని చూసి దేశభక్తిని కొలవడం ఎంత అన్యాయమో, గడ్డాన్ని చూసి ఈమాన్‌ను కొలవడమూ అంతే అన్యాయం.

అందుకే మా ముఖాలకు నియమాలు పెట్టేవాళ్లందర్నీ మేం మూడే అడుగుతాం. ఇది దేనికోసం? అందరికీ ఒకటేనా? మరో దారి వెతికారా? మంచుకొండ మీద ఈ మూడింటికీ జవాబు దొరుకుతుంది. చదువుకున్న మనుషుల మధ్య కూడా దొరకాలి.