నిత్యకర్మకు చక్రాలు

హైదరాబాద్ శివార్లలో కొంపల్లి నుంచి దూలపల్లి మీదుగా బహదూర్‌పల్లి వెళ్లే రోడ్డు ఆఫీసుల వేళకు కార్లతో నిండిపోతుంది. వ్యాగన్ఆర్, స్విఫ్ట్, ఐ20, నెక్సాన్, క్రెటా, సెల్టోస్... పేర్లు వేరైనా పని ఒక్కటే. కొన్ని గండిమైసమ్మ దాటి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి గచ్చిబౌలి వైపు పోతాయి. కొన్ని జీడిమెట్ల ఫ్యాక్టరీల దగ్గర ఆగుతాయి. కొన్ని పిల్లల్ని బడి దగ్గర దింపి ఇంటికి తిరిగొస్తాయి. వీటిని నడిపేవాళ్లలో చాలామంది కుర్రతనంలో మనసు పారేసుకున్న కారు మరొకటి ఉంటుంది: రెండే సీట్లు, నేలను రాసుకుపోయే ఎత్తు, దూరం నుంచే వినిపించే ఇంజిన్. అలాంటి కారు చేయడం పెద్ద కంపెనీలకు రాక కాదు, కొనాలన్న కోరిక జనానికి లేకా కాదు. అయినా తరం తరువాత తరం వాళ్లు చేసేదీ వీళ్లు కొనేదీ నమ్మకంగా నడిచే మామూలు కారే. దీనికి లాభం అనే ఒక్క మాటతో జవాబు చెప్పి ఊరుకోవచ్చు. ఆ జవాబు తప్పు కాదు, కానీ సగమే. లాభం ఆ వైపే ఎందుకు పోగవుతుందన్నది అసలు ప్రశ్న. అది మనిషి తన బతుకును ఏ వరుసలో పేర్చుకుంటాడన్న దాకా తీసుకెళ్తుంది.

ముందు లెక్క చూద్దాం. కొత్త కారు రోడ్డెక్కాలంటే అచ్చులు పోయించాలి, ఇంజిన్‌కు ధ్రువీకరణ తెచ్చుకోవాలి, గుద్దించి పరీక్షించాలి, ఊరూరా విడిభాగాలు సిద్ధంగా ఉంచాలి. ఈ ఖర్చు వెయ్యి కార్లకైనా లక్ష కార్లకైనా పెట్టక తప్పదు. అమ్మకాలు పెరిగితేనే ఒక్కో కారు మీద పడే భారం తగ్గుతుంది. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా పేరున్న మాజ్దా ఎంఎక్స్-5 మార్కెట్‌లోకి వచ్చింది 1989లో. దాని ఉత్పత్తి పది లక్షలకు చేరింది 2016లో, అంటే 27 ఏళ్లకు. మన పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో సెల్టోస్ ఉత్పత్తి 2019లో మొదలైంది. 2023 జులైకల్లా అక్కడి నుంచి పది లక్షలవ కారు బయటికొచ్చింది. అదే కియా విదేశాల్లో ఎంతో ఆర్భాటంగా తెచ్చిన స్టింగర్ అనే వేగవంతమైన కారు ఉత్పత్తిని అదే ఏడాది ఆపేసింది. టొయోటా అంతటి సంస్థ కూడా 86 అనే స్పోర్ట్స్ కారును సుబారుతో, కొత్త సుప్రాను బీఎండబ్ల్యూతో కలిసి చేసి బరువు పంచుకుంది.

ఈ లెక్క గిరాకీ ఎటుందో చెబుతుంది. గిరాకీ అలా ఎందుకు చీలిందో అర్థం కావాలంటే వేదంలోని కర్మకాండను విచారించిన పూర్వమీమాంసకులు కర్మలను విడదీసిన తీరు అక్కరకొస్తుంది. కొడుకు కావాలనో వాన కురవాలనో చేసే ఇష్టులనే యజ్ఞాలు కామ్యాలు. ఆ కోరిక ఉన్నవాడు చేస్తాడు, లేనివాడు మానేస్తాడు, మానినందుకు దోషం లేదు. సంధ్యావందనం వంటివి నిత్యాలు. చేసినందుకు ప్రత్యేకమైన బహుమానమేదీ ఉండదు గానీ, మానితే ప్రత్యవాయం, అంటే దోషం. నిత్యకర్మకు పాపక్షయమనే ఫలం ఉందా, అసలు ఫలమే లేదా అని మీమాంసలోని రెండు శాఖలవారు, భాట్టులూ ప్రాభాకరులూ, వాదించుకున్నారు. మానకూడదన్న దగ్గర మాత్రం రెండు పక్షాలదీ ఒకటే మాట.

నమ్మకమైన కారు గుణం అచ్చంగా ఇలాంటిది. అది స్టార్ట్ అయిన రోజున ఎవరూ మెచ్చుకోరు. మొరాయించిన రోజున మాత్రం పిల్లవాడి పరీక్ష తప్పుతుంది, తల్లికి డయాలిసిస్ ఆలస్యమవుతుంది, షిఫ్టు పోతుంది. దాని మంచితనం కంటపడదు, లోపం ఒక్కటే కంటపడుతుంది. వేగం ఇచ్చే ఉత్సాహం నడిపేవాడి ఒక్కడిది. బండి ఆగితే కలిగే నష్టం అతని కోసం ఎదురుచూసేవాళ్లందరిదీ. అందుకే కల కన్నది ఒక్కడైనా, కొనేది ఇల్లంతా కలిసి. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800ను 2014 దాకా మూడు దశాబ్దాలు నిలబెట్టింది ఈ ఇంటి నిర్ణయమే. కొత్త కారును గుడి ముందు నిలిపి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేవాళ్లు ఆ పూజలో కోరేది క్షేమం. వేగం కావాలని ఎవరూ సంకల్పం చెప్పుకోరు.

ఇదంతా లేనితనానికి తొడిగిన వేదాంతపు ముసుగని ఒక ఆక్షేపణ రావచ్చు. జేబులో డబ్బుంటే దూలపల్లిలోనూ ఫెరారీలు తిరిగేవని అనొచ్చు. డబ్బు పాత్రను కాదనలేం. కానీ చవకదనమే అంతా అయితే టాటా నానో గెలిచి ఉండాలి. 2009లో లక్ష రూపాయల కారుగా ప్రపంచమంతా పేరు మోగిన ఆ బండి పదేళ్లయినా నిలదొక్కుకోలేకపోయింది. అన్నిటికన్నా చవకైనదన్న ముద్రే దానికి బరువైంది. జనం వెతికింది తక్కువ ధరను మాత్రమే కాదు, నలుగురిలో తలెత్తుకుని వాడుకోగల భరోసాను. ఇక డబ్బుకు లోటు లేని దేశాల్లోనూ కథ ఇదే. 1966లో పుట్టిన టొయోటా కరోలా ఐదు కోట్లు దాటింది. ఏ స్పోర్ట్స్ కారూ ఆ దరిదాపులకు రాలేదు.

రెండో ఆక్షేపణ దీనికి ఎదురుదిక్కు నుంచి వస్తుంది. కఠోపనిషత్తు శ్రేయస్సు, ప్రేయస్సు అని రెండు దారులు చూపింది కదా, మామూలు కారు కొన్నవాడు శ్రేయస్సును ఎంచుకున్నట్టేనా, దాన్ని అమ్మిన కంపెనీ ధర్మాత్మురాలా? అంత దూరం పోకూడదు. కంపెనీ ఎంచేది తన రాబడి. నాలుగు మీటర్లలోపు చిన్న కారుకు 2025 సెప్టెంబరు నుంచి జీఎస్టీ 18 శాతం, పెద్దదానికి 40 శాతం. పన్ను గీత ఎక్కడుంటే కారు పొడవు అక్కడ ఆగుతుంది. కొనేవాడూ విరాగి కాడు. పైకి కొండలెక్కే ఎస్‌యూవీ ఆకారం, లోపల ఆఫీసుకెళ్లే మామూలు యంత్రం ఉన్న బండినే కోరుకుంటున్నాడు. అంటే కామ్యం ఎక్కడికీ పోలేదు, నిత్యానికి పైపూతగా మిగిలింది. అదే ఉపనిషత్తు శరీరాన్ని రథంగా, ఇంద్రియాలను గుర్రాలుగా, బుద్ధిని సారథిగా చెప్పింది. గుర్రాలు వద్దనలేదు, పగ్గం సారథి చేతిలో ఉండాలంది. కొనుగోలులో జరిగేదీ అంతే: కోరిక చావదు, చివరి మాట మాత్రం దానిది కాదు.

మూడో ఆక్షేపణ ఆనందం పక్షాన నిలుస్తుంది. నిత్యంతోనే సరిపెట్టుకుంటే బతుకు చప్పబడిపోదా? 2018లో ఫోర్డ్ అమెరికాలో సెడాన్లు మానేస్తానని ప్రకటించి, మస్టాంగ్‌ను అట్టే పెట్టుకుంది కదా? నిజమే, కానీ సెడాన్లను వదిలిన జనం వెళ్లింది ఎస్‌యూవీలకూ పికప్‌లకూ. ఫోర్డ్ నమ్ముకున్నదీ వాటి రాబడినే. గుడిలోనూ అంతే: స్వామివారి కల్యాణం ఎంత ఘనంగా జరిగినా ఖర్చు ఏడాది పొడవునా నిండే హుండీదే. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే విద్యుత్ కార్ల రేసు జరిగింది. బహదూర్‌పల్లిలో విశ్వవిద్యాలయం నడుపుతున్న మహీంద్రా సంస్థ జట్టు కూడా అందులో పరుగు తీసింది. మరుసటి ఏడాది జరగాల్సిన రేసు రద్దయింది. అభిమానులు నొచ్చుకున్నారు గానీ, ఊళ్లో ఎవరి పనీ ఆగలేదు. కామ్యం మానితే కలిగేది నిరాశ, నిత్యం మానితే కలిగేది దోషం. ఉత్సవం అవసరమే, కాకపోతే అది రోజువారీ స్థానాన్ని అడగకూడదు.

అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ దూలపల్లి రోడ్డు మీదే ఉంది. ప్రతి ఇల్లూ తన నిత్యకర్మ కోసం ఒక్కో కారు తీస్తే ఎవరి కర్మా వేళకు జరగదు. ఒక్కో ఇంటికి భరోసా ఇచ్చిన బండే అందరి దారికీ అడ్డం పడుతుంది. ఈ వాదానికి మామూలు కారు నిలబడలేదు, నిలబడనక్కర్లేదు కూడా. నిత్యకర్మలో విధి వేళకు చేయమంటుంది గానీ, ఏ పాత్రతో చేశావని పట్టుబట్టదు. నమ్మకమే కొలత అయినప్పుడు బస్సునూ రైలునూ దానితోనే కొలవాలి. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్ దాకా ఎంఎంటీఎస్ లోకల్ రైలు వచ్చింది. అలాంటి రైలు తగినన్ని సార్లు, చెప్పిన వేళకు, ఇంటికి దగ్గరగా దొరికితే, స్పోర్ట్స్ కారును పక్కకు నెట్టి మామూలు కారును గెలిపించిన తర్కమే మామూలు కారునూ పక్కకు నెడుతుంది. కార్ల కంపెనీలు ఇన్నాళ్లూ బతికింది మన కలల మీద కాదు, వేళకు చేరాలన్న మన బాధ్యత మీద. ఆ బాధ్యతకు కారే కావాలన్న నియమం ఏ శాస్త్రంలోనూ లేదు.